ఎంఎల్‌హెచ్1 మిథైలేషన్ పరీక్ష: ఎండోమెట్రియల్ క్యాన్సర్ బ్లాకు నుంచి రిపోర్టు దాకా

గర్భాశయం లోపొరకి వచ్చే ఎండోమెట్రియల్ క్యాన్సర్లన్నిటికీ ఐహెచ్‌సీ (యాంటీబాడీతో కణాల్లోని ప్రొటీన్‌కి రంగు పట్టించి చూసే పరీక్ష) చేసుకుంటూ పోతే సుమారు నాలుగింటిలో ఒకదానిలో డీఎన్ఏ కాపీ తప్పులు దిద్దే నాలుగు మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రొటీన్లలో (ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6) ఏదో ఒకటి కనిపించదు. అలా పోయేవాటిలో సింహభాగం ఎంఎల్‌హెచ్1ది, దాని వెంటే పీఎంఎస్2ది. అక్కడ ఒక ప్రశ్న లేస్తుంది. ఈ ప్రొటీన్ ఈ గడ్డలో మాత్రమే పోయిందా, లేక ఆ మనిషి పాడైన జన్యువుతోనే పుట్టిందా?

మొదటిదైతే కారణం చాలావరకు ప్రమోటర్ (జన్యువుకి స్విచ్చు లాంటి భాగం) మిథైలేషన్. జన్యువులో అక్షరాలు చెక్కుచెదరవు. ముందున్న ప్రమోటర్‌లో సీపీజీ (సీ అక్షరం పక్కనే జీ) జంటల మీద మిథైల్ గుంపులు పేరుకుపోతాయి. దాంతో ఆ జన్యువు, పేజీలు అంటుకుపోయిన పుస్తకంలా, కణానికి చదవడానికి అందదు. రెండోదైతే అది వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్. ఎండోమెట్రియల్ క్యాన్సర్లలో దాని వాటా 3 శాతం దగ్గర ఉంటుంది కానీ, తేలితే ఆమె పిల్లల్లో, తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ అదే లోపం ఉండే అవకాశం సగానికి సగం.

ఈ రెండింటినీ విడదీసే పరీక్ష మరీ కష్టమైనదేం కాదు. పాడు చెయ్యడం మాత్రం చాలా తేలిక. పాడయ్యేది కూడా చాలాసార్లు లక్షలు పోసి కొన్న మిషన్ దగ్గర కాదు, ఫార్మలిన్ డబ్బా దగ్గర. ఇక్కడ రాసింది పెథాలజీ పీజీలకి, మాలిక్యులర్ ల్యాబులో చేతులతో పని చేసేవాళ్లకి, ఆ రిపోర్టు చదివి పేషెంటుకి చెప్పాల్సిన గైనకాలజిస్టులకి.

ఎవరికి చెయ్యాలి, ఎవరికి అక్కర్లేదు

మిథైలేషన్ పరీక్ష ఐహెచ్‌సీ తర్వాతే. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల వరస కూడా ఇదే: ముందు నాలుగు ప్రొటీన్లకి ఐహెచ్‌సీ, ఎంఎల్‌హెచ్1 పోతే మిథైలేషన్, అది లేకపోతే రక్తంతో జన్యు పరీక్ష.

ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 రెండూ పోతే మిథైలేషన్ చెయ్యండి. పీఎంఎస్2 తోడు లేకుండా నిలవలేదు, అందుకే ఎంఎల్‌హెచ్1 పోతే అదీ పోతుంది. తిరగేస్తే నిజం కాదు. పీఎంఎస్2 ఒక్కటే పోయి ఎంఎల్‌హెచ్1 ఉందంటే నేరుగా జన్యు పరీక్షకి పంపాలి. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 జంట పోయినా, ఎంఎస్‌హెచ్6 ఒక్కటే పోయినా అంతే. వాళ్లకి ఎంఎల్‌హెచ్1 మిథైలేషన్ చెయ్యడం డబ్బు దండగ. చేస్తే ఏదో ఒక అంకె వస్తుంది, దాన్ని చూసి ఎవరో ఒకరు తప్పు దారి పడతారు.

పెద్దపేగు క్యాన్సర్‌కి వాడే కిటుకు ఇక్కడ పనికిరాదు. అక్కడ బీఆర్ఏఎఫ్ అనే జన్యువులో వీ600ఈ మ్యూటేషన్ కనిపిస్తే లించ్ కాదని దాదాపు తేల్చెయ్యొచ్చు. ఎండోమెట్రియంలో ఆ మ్యూటేషన్ చాలా అరుదు కాబట్టి, అది లేకపోవడం ఏమీ చెప్పదు. కోలన్ ప్యానెల్‌నే గర్భాశయానికీ నడిపించే ల్యాబులు ఉన్నాయి. ఆ రిపోర్టులో 'బీఆర్ఏఎఫ్ నెగటివ్' అని చూసి లించ్ అని భయపడొద్దు, లించ్ కాదనీ అనుకోవద్దు.

ఐహెచ్‌సీ స్లైడును మళ్లీ ఒకసారి మీరే చూడండి. రంగు న్యూక్లియస్‌లో ఉండాలి. కణితి చుట్టూ ఉన్న స్ట్రోమా (ఆధార కణజాలం) కణాలు, లింఫోసైట్లు, మామూలు గ్రంథులు గోధుమ రంగు పట్టుకుని కణితి కణాలు మాత్రం నీలంగా మిగిలితే అది నిజమైన లోపం. చుట్టుపక్కలవి కూడా నీలంగానే ఉంటే అది స్టెయిన్ ఫెయిలవడమే, ప్రొటీన్ పోవడం కాదు. ఎం1 క్లోన్ యాంటీబాడీతో అప్పుడప్పుడు ఎంఎల్‌హెచ్1 న్యూక్లియస్‌లో చుక్కలు చుక్కలుగా పడుతుంది. పీఎంఎస్2 పూర్తిగా పోయి ఇది చుక్కలుగా ఉంటే, ఉన్నట్టు కాదు, పోయినట్టే లెక్క.

ఎండోమెట్రియంలో ఇంకో తిరకాసు ఉంది. కణితిలో ఒక ముక్క ఎంఎల్‌హెచ్1 పోగొట్టుకుని, పక్క ముక్క నిలుపుకుని ఉండొచ్చు. దీన్ని సబ్‌క్లోనల్ లాస్ అంటారు, కారణం ఎక్కువగా మిథైలేషనే. అలాంటప్పుడు పోయిన ముక్కను మాత్రమే గీకి తీసి పరీక్షించాలి. రెండూ కలిపేస్తే అంకె సగానికి పడిపోయి ఎటూ కాకుండా మిగులుతుంది.

బ్లాకు: సగం పని ఇక్కడే

ఎండోమెట్రియం శరీరం నుంచి బయటికి వచ్చిన కాసేపటికే చివికిపోవడం మొదలవుతుంది. గర్భాశయాన్ని తీసి, కోయకుండా అలాగే ఫార్మలిన్ డబ్బాలో వేస్తే, కండ మందం దాటుకుని లోపొర దాకా ఫార్మలిన్ చేరడానికి చాలా సమయం పడుతుంది. మొదట్లో గంటకి ఒక మిల్లీమీటరు చొప్పున ఇంకుతుందనుకోండి. పోనుపోను ఇంకా నెమ్మదిస్తుంది. అప్పటికి లోపల డీఎన్ఏ ముక్కలైపోయి ఉంటుంది. కాబట్టి ఆపరేషన్ థియేటర్‌లోనో, ల్యాబుకి చేరగానేనో గర్భాశయాన్ని రెండు పక్కల కోసి తెరిచి, స్పెసిమెన్‌కి పదింతలు ఫార్మలిన్ పొయ్యాలి. ఆరు గంటలకి తక్కువ కాకుండా, 48 గంటలు దాటకుండా ఉంచాలి.

ఆ ఫార్మలిన్ 10% న్యూట్రల్ బఫర్డ్‌దే కావాలి. మామూలు ఫార్మలిన్‌ని నీళ్లతో కలిపి వాడితే నిలవలో ఫార్మిక్ యాసిడ్ తయారై డీఎన్ఏని తునకలు చేస్తుంది. చిన్న ఊళ్ల నర్సింగ్‌హోముల నుంచి వచ్చే డబ్బాల్లో పీహెచ్ పేపర్ ముంచి చూసే అలవాటు చేసుకోండి. బ్వాన్ ద్రావణంలో వేసిన ముక్క అయితే అందులోని పిక్రిక్ యాసిడ్ డీఎన్ఏని నాశనం చేస్తుంది, ఆ బ్లాకు (మైనంలో దిమ్మకట్టిన ముక్క) మీద ఈ పరీక్ష పెట్టుకోవద్దు.

ఆపరేషన్‌కి ముందు గర్భాశయం లోపల గీకి తీసిన క్యూరెటింగ్స్ లేదా సన్నటి గొట్టంతో తీసిన పైపెల్ బయాప్సీ బ్లాకు ఉంటే, అందులో కణితి చాలినంత ఉంటే, దాన్నే అడగండి. చిన్న తునకలు కాబట్టి ఫార్మలిన్ గంటల్లో పూర్తిగా ఇంకుతుంది. ఐహెచ్‌సీకీ, డీఎన్ఏకీ అదే మేలు. బయాప్సీ ఒక ఊళ్లో, సర్జరీ హైదరాబాద్‌లోనో విశాఖలోనో జరగడం మనకి మామూలే. మొదటి బ్లాకు తెప్పించడానికి పేషెంటు వాళ్లకి ఒక చీటీ రాసిస్తే చాలు. బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకోవచ్చన్న సంగతే చాలామందికి తెలియదు.

మామూలు రంగులు వేసిన హెచ్ అండ్ ఈ స్లైడు మీద పెథాలజిస్టు కణితి ఉన్న చోటు పెన్నుతో గీసి, ఆ గీత లోపల ఎంత శాతం కణాలు కణితివో రాయాలి. ఇది మర్యాద కోసం నింపే గడి కాదు. చివర్లో వచ్చే అంకెకి అర్థం చెప్పేది ఇదొక్కటే. లెక్కపెట్టాల్సింది విస్తీర్ణం కాదు, న్యూక్లియస్‌లు. కణితి గ్రంథుల మధ్య లింఫోసైట్లు కిక్కిరిసి ఉంటే చూడ్డానికి 80 శాతం కణితి అనిపించినా, న్యూక్లియస్‌ల లెక్కలో 40 ఉండొచ్చు. రిపేర్ లోపం ఉన్న కణితుల్లో లింఫోసైట్లు ఎక్కువగా చేరతాయి కాబట్టి ఈ పొరపాటు సరిగ్గా మనకి కావాల్సిన కేసుల్లోనే జరుగుతుంది. గీత లోపల 30 శాతమైనా ఉండేలా చూసుకోండి. 20కి తగ్గితే ఇంకో బ్లాకు వెతకండి.

గీకడం, డీఎన్ఏ తీయడం

10 మైక్రాన్ల మందంతో ఐదు నుంచి ఎనిమిది సెక్షన్లు, స్టెయిన్ లేకుండా, మామూలు స్లైడ్ల మీదకి తీసుకోండి. చివరగా ఒక 4 మైక్రాన్ల సెక్షన్ తీసి హెచ్ అండ్ ఈ చేస్తే, కోస్తూ కోస్తూ కణితి అయిపోయిందేమో తెలుస్తుంది. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య మైక్రోటోమ్ బ్లేడు మార్చాలి, వాటర్ బాత్ మీద తేలే మైనపు తునకలు తుడవాలి. ముందు పేషెంటు కణితి తునక ఒకటి అంటుకుంటే చాలు, తర్వాతి ఆమె రిపోర్టు మారిపోవడానికి.

జైలీన్‌లో రెండుసార్లు, ఆల్కహాల్‌లో రెండుసార్లు ముంచి మైనం పోగొట్టి, గీసిన స్లైడును కింద పెట్టుకుని, గీత లోపలి భాగాన్ని సర్జికల్ బ్లేడుతో గీకి ట్యూబులో వెయ్యండి. గీత బయట ఉన్న మామూలు కండని వేరే ట్యూబులో దాచండి, తర్వాత అవసరం పడొచ్చు. ప్రొటీనేజ్-కె వేసి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే ఒక గంట ఉంచినదానికన్నా దిగుబడి బాగుంటుంది. ఆ తర్వాత ఫార్మలిన్ ముడులు విప్పడానికి 90 డిగ్రీల దగ్గర ఒక గంట. మిగతాది కిట్టు కాగితంలో ఉన్నట్టే.

కొలత విషయంలో నానోడ్రాప్‌ని నమ్మకండి. ఆర్ఎన్ఏ, తునకలు, మిగిలిన రసాయనాలు అన్నిటినీ కలిపి పెద్ద అంకె చూపిస్తుంది. క్యూబిట్ లాంటి ఫ్లోరోమీటర్‌తో జంటపోగు డీఎన్ఏని కొలవండి.

ఎంత కావాలో ఈ చిన్న లెక్క చెబుతుంది. ఒక నానోగ్రాము మనిషి డీఎన్ఏలో ఒక్కో జన్యువుకి సుమారు 300 కాపీలుంటాయి. 500 నానోగ్రాములంటే లక్షన్నర కాపీలు. పాత ఫార్మలిన్ బ్లాకులో పీసీఆర్‌కి (డీఎన్ఏ ముక్కని లక్షల కాపీలుగా పెంచే చర్య) పనికొచ్చేంత పొడుగున్నవి 5 శాతం అనుకుంటే 7,500. తర్వాతి మెట్టులో వాడే బైసల్ఫైట్ రసాయనం దెబ్బకి అందులో పదో వంతు మిగిలితే 750. వాటిని 20 మైక్రోలీటర్లలో తీసి 2 మైక్రోలీటర్లు పీసీఆర్‌లో వేస్తే ట్యూబులోకి వెళ్లేది 75 కాపీలు. అదే 50 నానోగ్రాములతో మొదలుపెడితే ఏడో ఎనిమిదో. ఏడు కాపీల నుంచి మిథైలేషన్ శాతం లెక్కగట్టడమంటే లాటరీయే: ఒకసారి 10 వస్తుంది, ఇంకోసారి 40 వస్తుంది. ఒకే శాంపిల్ రెండు రన్లలో పొంతన లేకుండా వస్తే, మిషన్‌ని తిట్టేముందు ఈ లెక్క వేసుకోండి.

బైసల్ఫైట్

పరీక్ష ప్రాణమంతా ఈ రసాయన చర్యలోనే ఉంది. సోడియం బైసల్ఫైట్ మిథైల్ లేని సైటోసిన్‌ని (డీఎన్ఏలో సీ అక్షరం) యురాసిల్‌గా మారుస్తుంది, మిథైల్ ఉన్నదాన్ని వదిలేస్తుంది. పీసీఆర్‌లో యురాసిల్ టీ అక్షరంగా చదవబడుతుంది. అంటే కంటికి కనిపించని మిథైల్ గుర్తు, సీ-టీ తేడాగా మారి మనకి కనబడుతుంది. 1992లో ఈ పద్ధతి వచ్చినప్పటి నుంచి మూలసూత్రం అదే, కిట్లే మారాయి.

అందరూ వాడే ఒక రకం కిట్లో 20 మైక్రోలీటర్ల డీఎన్ఏకి 130 మైక్రోలీటర్ల కన్వర్షన్ రియేజెంట్ కలిపి, 98 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, 64 డిగ్రీల దగ్గర రెండున్నర గంటలు ఉంచుతారు. మొదటి మెట్టు డీఎన్ఏ రెండు పోగుల్నీ విడదీయడానికి. జంటగా ఉన్న పోగుని బైసల్ఫైట్ ముట్టుకోలేదు, కాబట్టి ఇది సరిగ్గా జరగకపోతే మిథైల్ లేని సైటోసిన్లు కూడా మారకుండా మిగిలి దొంగ మిథైలేషన్ కనిపిస్తుంది. మూత మీదా గోడల మీదా చుక్కలు మిగలకుండా స్పిన్ చేసి పెట్టండి, వేడి తగలని చుక్కలో డీఎన్ఏ మారదు. ప్రొటీన్ పూర్తిగా పోని మురికి డీఎన్ఏతోనూ ఇదే జరుగుతుంది.

కాలమ్ మీద 200 మైక్రోలీటర్ల డీసల్ఫొనేషన్ బఫర్ 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. ఇది క్షారం. తక్కువసేపు ఉంచితే సల్ఫొనేట్ మిగిలి, పీసీఆర్‌లో కాపీలు చేసే పాలిమరేజ్ ఎంజైముని అడ్డుకుంటుంది, ఎక్కువసేపైతే డీఎన్ఏ ఇంకా విరుగుతుంది. ఇరవై కాలమ్‌లు ఒకేసారి పెట్టుకుంటే మొదటిదానికీ చివరిదానికీ మధ్యే ఐదు నిమిషాలు గడిచిపోతాయి, కాబట్టి బ్యాచ్ చిన్నదిగా ఉంచుకోండి. కన్వర్షన్ రియేజెంట్ వెలుతురు, గాలి తగిలితే పాడవుతుంది. కలిపిన రోజే వాడెయ్యడం మంచిది.

మారిన డీఎన్ఏ ఒంటిపోగుగా ఉంటుంది. జంటపోగుని కొలిచే డై దాన్ని పట్టుకోదు, సున్నా చూపిస్తుంది. అది చూసి అంతా పోయిందని పారెయ్యకండి. కొలవాలంటే ఆర్ఎన్ఏ సెట్టింగ్‌లో కొలవాలి. ఒక నెలలోపు వాడేసేదైతే మైనస్ 20 చాలు, ఆపైన మైనస్ 80.

పీసీఆర్, పైరోసీక్వెన్సింగ్

పైరోసీక్వెన్సింగ్ (పైరో) అంటే పీసీఆర్‌లో పెంచిన ముక్కని అక్షరం వెంట అక్షరం చదివి, ఒక్కో సీపీజీ దగ్గర ఎంత శాతం మిథైల్ ఉందో చెప్పే పద్ధతి. ఎంఎల్‌హెచ్1 ప్రమోటర్‌లో ఎక్కడ చూసినా ఒకటే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. జన్యువు మూగబోవడంతో గట్టిగా ముడిపడింది, జన్యువు మొదలు నుంచి వెనక్కి లెక్కిస్తే -248 నుంచి -178 వరకు ఉన్న చిన్న ముక్క, దీన్ని సీ రీజియన్ అంటారు. దానికి ఎగువన ఉన్న సీపీజీలు జన్యువు బాగా పనిచేస్తున్నప్పుడు కూడా కొంత మిథైల్ పట్టి ఉండొచ్చు. కొన్న కిట్టు ఏ సీపీజీలని చదువుతోందో కాగితంలో చూడండి, చెప్పని కిట్టు కొనకండి.

ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ పోగులు) సొంతంగా గీసుకునేవాళ్లకి నాలుగు మాటలు. బైసల్ఫైట్ తర్వాత వరసలో సీలు దాదాపు ఉండవు కాబట్టి ప్రైమర్ 25 నుంచి 30 బేసుల పొడుగు కావాలి. పైరోకైతే ప్రైమర్ కింద సీపీజీ ఉండకూడదు, ఉంటే మిథైల్ ఉన్నదాన్నో లేనిదాన్నో అది ఎక్కువగా పట్టుకుంటుంది. ఆంప్లికాన్ (పీసీఆర్‌లో పెరిగే ముక్క) 150 బేసులు దాటితే ఫార్మలిన్ బ్లాకుల్లో చాలా ఫెయిలవుతాయి. -93 దగ్గర జీ బదులు ఏ ఉండే సహజ భేదం చాలామందిలో ఉంటుంది, ప్రైమర్‌ని దాని మీద కూర్చోబెట్టకండి.

ఎంజైము హాట్‌స్టార్ట్ టాక్ (వేడి తగిలాకే పని మొదలుపెట్టే పాలిమరేజ్) అయ్యుండాలి. ప్రూఫ్‌రీడింగ్ చేసే పీఎఫ్‌యూ జాతి పాలిమరేజ్‌లు టెంప్లేట్‌లో యురాసిల్ కనబడగానే ఆగిపోతాయి. అదే కారణంతో, పాత పీసీఆర్ చెత్తని తుడిచే యూఎన్‌జీ ఎంజైము ఉన్న మాస్టర్‌మిక్స్ కూడా ఇక్కడ పనికిరాదు, అది మన టెంప్లేట్‌నే తినేస్తుంది. మామూలు క్యూపీసీఆర్ కిట్టు అలమారలో ఉంది కదా అని తీసి వాడినప్పుడు అన్నీ ఖాళీగా రావడానికి కారణం ఇదే. ఆ రక్షణ లేదు కాబట్టి పీసీఆర్ ముందు గది, తర్వాతి గది వేరుగా ఉండి, మనిషి ఒకే దిశలో నడవాలి.

25 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో ఒక్కో ప్రైమర్ 0.2 మైక్రోమోలార్. 95 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, ఆపైన 94, 56, 72 డిగ్రీల దగ్గర తలా 30 సెకన్లు చొప్పున 45 సైకిళ్లు, చివర 72 దగ్గర 10 నిమిషాలు. పైరోలో ముక్కని బీడ్లకి అతికించేది బయోటిన్, అది ఉన్న ప్రైమర్‌ని హెచ్‌పీఎల్‌సీ శుద్ధితోనే కొనండి. విడి బయోటిన్ బీడ్ల మీద చోటంతా ఆక్రమిస్తే సిగ్నల్ చచ్చిపోతుంది. పైరోకి వెళ్లేముందు 2% అగరోజ్ జెల్ మీద 5 మైక్రోలీటర్లు నడిపి చూస్తే ఒకే బ్యాండు, పదునుగా కనిపించాలి. మసకగా ఉంటే పైరోకి పంపకండి. అది కూడా ఏదో ఒక అంకె ఇస్తుంది, చిక్కంతా అక్కడే.

ప్రతి రన్‌లో నాలుగు కంట్రోళ్లు తప్పనిసరి: ఎస్ఎస్ఎస్1 ఎంజైముతో పూర్తిగా మిథైల్ చేసిన డీఎన్ఏ, మిథైల్ అసలు లేనిది, డీఎన్ఏ వెయ్యని నీళ్ల ట్యూబు, ఆపైన ఐహెచ్‌సీలో ఎంఎల్‌హెచ్1 చక్కగా ఉన్న ఒక ఎండోమెట్రియం బ్లాకు. కణాలు పెంచే సౌకర్యం ఉంటే ఆర్‌కేఓ సెల్‌లైన్ మంచి పాజిటివ్ కంట్రోలు, అందులో ఎంఎల్‌హెచ్1 మిథైలేషన్‌తోనే మూగబోయింది. హెచ్‌సీటీ116 వాడకండి. అందులోనూ ప్రొటీన్ ఉండదు కానీ కారణం మ్యూటేషన్.

పరీక్షని ల్యాబులో మొదటిసారి నిలబెట్టేటప్పుడు పూర్తి మిథైల్, సున్నా మిథైల్ డీఎన్ఏలని కలిపి 0, 10, 25, 50, 75, 100 శాతం మిశ్రమాలు చేసి నడపండి. 50 వెయ్యగా 30 చూపిస్తే మీ పీసీఆర్ మిథైల్ లేని కాపీలని ఎక్కువ పెంచుతోందని అర్థం. అనీలింగ్ (ప్రైమర్ అతుక్కునే) ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు పెంచితే చాలావరకు సర్దుకుంటుంది.

పైరో వరసలో, సీపీజీ కాని చోట ఒక సీ ఉండేలా చూసి, అక్కడ సీ పీక్ వస్తుందేమో గమనించాలి. బైసల్ఫైట్ సరిగ్గా పనిచేస్తే అక్కడ ఏమీ రాకూడదు. వస్తే ఆ శాంపిల్ మొత్తం మళ్లీ కన్వర్షన్ నుంచి మొదలు.

అంకెని చదవడం

నాలుగు ఉదాహరణలు తీసుకుందాం.

మొదటి ఆమెకి కణితి 40 శాతం. ఐదు సీపీజీల దగ్గర 31, 34, 29, 36, 33 వచ్చాయి, సగటు 32.6. దీన్ని 40తో భాగిస్తే 0.8. అంటే కణితిలోని ఎంఎల్‌హెచ్1 కాపీల్లో సుమారు 80 శాతం మిథైల్ పట్టినవే, ప్రొటీన్ ఎందుకు పోయిందో చెప్పడానికి ఇది చాలు. పాజిటివ్.

రెండో ఆమెకి కణితి 70 శాతం, సగటు 8. కట్-ఆఫ్ (పాజిటివ్ అనడానికి గీసుకునే గీత) 5 పెట్టుకున్న ల్యాబు దీన్ని కూడా పాజిటివ్ అనేస్తుంది. కానీ 8ని 70తో భాగిస్తే 0.11. ఐహెచ్‌సీలో కణితి కణాలన్నిటిలో ప్రొటీన్ పోయింది, మిథైలేషన్ చూస్తే పదిలో ఒక కాపీకే ఉంది. మిగతా తొమ్మిది కాపీల సంగతేంటి? ఇది ప్రొటీన్ నష్టాన్ని వివరించదు. పాజిటివ్ అని రాస్తే లించ్ ఉన్న మనిషిని ఇంటికి పంపేసినట్టే.

మూడో ఆమెకి కణితి 15 శాతం, సగటు 9. భాగిస్తే 0.6, నిజంగా పాజిటివ్ కావచ్చు. కానీ పైరోకి 5 కింద అంతా గలాటాయే. 9 దానికి మరీ దూరమేం కాదు. ఇక్కడ జవాబు రాయడం కాదు, కణితి ఎక్కువున్న బ్లాకు తెచ్చి మళ్లీ గీకడమే పని.

నాలుగో ఆమెకి నాలుగు సీపీజీలు 2, 3, 2, 4, ఒకటి మాత్రం 38. మిథైలేషన్ ఇలా ఒక్క చోట ఎగిరి కూర్చోదు, పక్కపక్క సీపీజీలు కలిసే పట్టుకుంటాయి. వరసలో జన్యు భేదమో, మిషన్ అక్షరాలు వేసే క్రమంలో (డిస్పెన్సేషన్) లోపమో అయ్యుంటుంది. మిషన్ గీసిన పైరోగ్రామ్ తెరిచి కంటితో చూడాలి, సగటు తీసి పంపకూడదు.

కట్-ఆఫ్‌ని పక్క ల్యాబు నుంచి అరువు తెచ్చుకోకండి. ఎంఎల్‌హెచ్1 చక్కగా ఉన్న బ్లాకులు కనీసం 20 మీ ఫార్మలిన్‌తో, మీ కిట్టుతో నడిపి, సగటుకి మూడు ప్రామాణిక విచలనాలు కలిపి సొంత గీత గీసుకోండి. చాలా ల్యాబుల్లో అది 10 శాతం చుట్టుపక్కల తేలుతుంది. అయినా గీత ఒక్కటే చాలదు, కణితి శాతంతో భాగించి చూడటం దానికి జోడీ.

పైరో మిషన్ లేకపోతే

మన దగ్గర చాలా ల్యాబుల్లో ఉండేది ఎంఎస్‌పీ (మిథైలేషన్-స్పెసిఫిక్ పీసీఆర్). మిథైల్ ఉన్న వరసకి ఒక ప్రైమర్ జంట, లేనిదానికి ఇంకో జంట, జెల్ మీద బ్యాండు ఉందా లేదా అంతే. చవక, త్వరగా అయిపోతుంది. కానీ 40 సైకిళ్లు నడిపితే వెయ్యిలో ఒక మిథైల్ కాపీ ఉన్నా బ్యాండు వస్తుంది, పై రెండో ఆమె లాంటి కేసులో ఇది నేరుగా తప్పు దారి పట్టిస్తుంది. తప్పనిసరైతే 35 సైకిళ్లకి ఆపండి, పాజిటివ్‌ని ఒంటరిగా నమ్మకండి. వీలైతే ప్రోబుతో రియల్‌టైమ్ పద్ధతికి మారి శాతం లెక్కగట్టండి.

ఇంకో పద్ధతి ఎంఎస్-ఎంఎల్‌పీఏ, దీనికి బైసల్ఫైట్ అక్కర్లేదు. హెచ్‌హెచ్‌ఏ1 ఎంజైము జీసీజీసీ వరసని మిథైల్ లేకపోతే కోసేస్తుంది, ఉంటే కొయ్యలేదు. కొయ్యని డీఎన్ఏ మీదే సిగ్నల్ వస్తుంది. డీఎన్ఏలో ఉప్పు మిగిలితే ఎంజైము సగంలో ఆగిపోయి మిథైలేషన్ ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ఎప్పుడూ కోతకి లొంగాల్సిన కంట్రోల్ ప్రోబులు నిజంగా కోసుకుపోయాయో లేదో ముందు చూసి, ఆ తర్వాతే ఎంఎల్‌హెచ్1 దగ్గరికి రండి.

రిపోర్టులో ఏం రాయాలి, ఆ తర్వాత ఏం చెయ్యాలి

'ఎంఎల్‌హెచ్1 మిథైలేషన్: పాజిటివ్' అని ఒక్క లైను రాసిన రిపోర్టుని గైనకాలజిస్టులు వెనక్కి పంపాలి. బ్లాకు నంబరు, కణితి శాతం, ఐహెచ్‌సీ ఫలితం, పద్ధతి, చదివిన ప్రాంతం, సీపీజీలు ఎన్ని, సగటు, ఒక్కోటి ఎంత, కట్-ఆఫ్ ఎంత, ఇవన్నీ ఉండాలి. చివర్లో ఒక వాక్యం తెలిసేలా: ఈ మిథైలేషన్ ప్రొటీన్ నష్టాన్ని వివరిస్తోందా లేదా.

ఈ ఫలితం కోసం వైద్యం ఆపొద్దు. పెంబ్రోలిజుమాబ్, డోస్టార్లిమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులకి చూసేది ఐహెచ్‌సీలో ప్రొటీన్ పోయిందా అన్నదే, ఎందుకు పోయిందన్నది కాదు. ఫీగో (గైనకాలజిస్టుల అంతర్జాతీయ సమాఖ్య) 2023 స్టేజింగ్‌లో రాసుకునే మిస్‌మ్యాచ్ రిపేర్ లోపపు వర్గానికీ ఐహెచ్‌సీ చాలు, మిథైలేషన్ అక్కర్లేదు. మిథైలేషన్ జవాబు ముఖ్యంగా కుటుంబం కోసం.

పాజిటివ్ వచ్చి, ఇంట్లో పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు లేకపోతే అక్కడితో ఆపొచ్చు. రెండు సందర్భాల్లో ఆపకూడదు. ఆమెకి 50 ఏళ్ల లోపే వచ్చి ఉంటే రక్తంలోనూ, దాచిపెట్టిన మామూలు కండలోనూ అదే పరీక్ష చెయ్యండి. పుట్టుకతోనే ఒంట్లో ఎంఎల్‌హెచ్1 ఒక కాపీ మిథైల్ పట్టి ఉండే అరుదైన స్థితి ఉంది, దాన్ని ఎపిమ్యూటేషన్ అంటారు. రక్తంలో అంకె 50 దాకా ఉండొచ్చు, మొజాయిక్ (కొన్ని కణాల్లోనే ఉండటం) అయితే చాలా తక్కువే ఉండి తప్పించుకోవచ్చు కూడా. రెండోది, కుటుంబ చరిత్ర బలంగా ఉంటే మిథైలేషన్ పాజిటివ్ అయినా జన్యు పరీక్షకి పంపండి. లించ్ ఉన్నవాళ్లలో రెండో కాపీని మూయడానికి మిథైలేషనే వచ్చిన సందర్భాలు తక్కువే కానీ ఉన్నాయి.

నెగటివ్ అయితే కౌన్సెలింగ్ చేసి రక్తం తీసుకోండి. ప్యానెల్లో నాలుగు రిపేర్ జన్యువులతోపాటు ఎప్‌క్యామ్ కూడా ఉండాలి. ఆ జన్యువు చివర తెగిపోతే పక్కనున్న ఎంఎస్‌హెచ్2 మిథైల్ పట్టి మూగబోతుంది. పెద్ద తునకలు ఎగిరిపోయిన లోపాలని మామూలు సీక్వెన్సింగ్ వదిలెయ్యొచ్చు, జన్యువు తునకల కాపీలు లెక్కపెట్టే ఎంఎల్‌పీఏ కూడా చేస్తారా అని ల్యాబుని అడగండి. రక్తంలో ఏమీ దొరకకపోతే కణితినే సీక్వెన్స్ చేయించాలి. రెండు కాపీలూ కణితిలోనే చెడిన కేసులు తక్కువేం కాదు, అది తేలితే కుటుంబానికి ఊరట.

లించ్ అని తేలితే ఏ జన్యువన్నది ముఖ్యం. 75 ఏళ్లు వచ్చేలోపు ఎండోమెట్రియల్ క్యాన్సర్ అవకాశం ఎంఎల్‌హెచ్1కి సుమారు 37%, ఎంఎస్‌హెచ్2కి 49%, ఎంఎస్‌హెచ్6కి 41%, పీఎంఎస్2కి 13% అని అంతర్జాతీయ లించ్ డేటాబేస్ లెక్కలు. గర్భాశయం ఇప్పటికే తీసేసిన ఆమెకి మిగిలిన పెద్ద గండం పెద్దపేగు. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లోపం ఉన్నవాళ్లకి 25 ఏళ్ల నుంచీ ఒకటి రెండేళ్లకోసారి కొలనోస్కోపీ మొదలవ్వాలి, మగవాళ్లకి కూడా. గర్భాశయ క్యాన్సర్ కదా, ఆడవాళ్లకే అనుకుని అన్నదమ్ముల్ని, కొడుకుల్ని వదిలేస్తారు, ఆ మాట నోరు తెరిచి చెప్పాలి.

మేనరికం ఉన్న ఇళ్లలో ఇంకో ప్రశ్న అడగాలి. మేనమామకో, బావకో ఇచ్చి చేసిన సంబంధాల్లో భార్యాభర్తలిద్దరికీ ఒకే లోపం ఉంటే, ప్రతి కాన్పుకీ నాలుగో వంతు అవకాశంతో బిడ్డకి రెండు కాపీలూ చెడినవే రావొచ్చు. అలాంటి పిల్లల్లో చిన్న వయసులోనే మెదడు, రక్త, పేగు క్యాన్సర్లు వస్తాయి, ఒంటి మీద పాల కాఫీ రంగు మచ్చలు కనిపిస్తాయి. కాబట్టి లించ్ తేలిన ఆమె వంశవృక్షం గీసేటప్పుడు ఎవరు ఎవరిని చేసుకున్నారో రెండు గీతలతో కలిపి గుర్తుపెట్టండి. పెళ్లీడు పిల్లలుంటే సంబంధం ఖాయం కాకముందే ఇద్దరికీ ఆ ఒక్క లోపానికి పరీక్ష చేయించండి. ఏ లోపమో ముందే తెలుసు కాబట్టి మొత్తం ప్యానెల్ అక్కర్లేదు, ఖర్చు అందులో చిన్న భాగమే అవుతుంది.